పాప నుదురు ముద్దు పెట్టుకుంటే ఉప్పగా ఉంటోంది.. ఇది జబ్బేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది రాజోలు దగ్గర. మా పాపకి నాలుగు నెలలు. పుట్టినప్పుడు 2.8 కేజీలు, ఇప్పుడు 4.1. పాలు ఆబగా తాగుద్ది కానీ ఒళ్లు చేయట్లేదు. రోజుకి ఆరేడు విరేచనాలు, జిడ్డుగా, ఒకటే కంపు. మే నెల్లో నీరసంగా పడిపోతే ఒంట్లో సాల్ట్స్ తగ్గాయని మూడ్రోజులు సెలైన్ పెట్టారు. నుదురు ముద్దు పెట్టుకుంటే ఉప్పగా తగుల్తోంది, అత్తయ్య ఉక్కకి అంటున్నారు. మాది మేనరికం. ఫోన్లో చూస్తే సిస్టిక్ ఫైబ్రోసిస్ అని వస్తోంది. అదేనా?

జవాబు: అమ్మా, మీ అత్తయ్యగారి మాట తీసిపారేయకండి, కోనసీమ ఉక్కలో ఏ బిడ్డ నుదురైనా కాస్త ఉప్పగానే ఉంటుంది, అదొక్కటే పట్టుకుని జబ్బు అనెయ్యలేం. కానీ బరువు, జిడ్డు విరేచనం, మే నెల్లో పడిపోయిన సాల్ట్స్, ఇవన్నీ పక్కపక్కన పెడితే మాత్రం నేనైతే చెమట టెస్ట్ చేయించకుండా వదలను.

సిస్టిక్ ఫైబ్రోసిస్ అంటే దగ్గు, ఊపిరితిత్తుల్లో నిమ్మే అనుకుంటారు అందరూ, మాలో కొంతమంది డాక్టర్లు కూడా. మనలాంటి వేడి ప్రాంతాల్లో కొందరు పిల్లల్లో దగ్గు కంటే ముందు సాల్ట్స్ పడిపోతాయి. మామూలుగా చెమట బయటికొచ్చే దారిలోనే ఒళ్లు అందులోని ఉప్పుని వెనక్కి లాగేసుకుంటుంది, ఈ పిల్లల్లో సీఎఫ్‌టీఆర్ అనే జీన్ లోపం వల్ల ఆ పని జరగదు, చెమటతో పాటు ఉప్పంతా పోతుంది, తల్లిపాలలో ఉప్పు ఎటూ తక్కువే. 1948లో న్యూయార్క్‌లో ఎండలు ముదిరినప్పుడు ఈ జబ్బున్న పిల్లలు ఇలాగే సొమ్మసిల్లి హాస్పిటల్‌కి వచ్చారు, వీళ్ల చెమటలో ఉప్పెక్కువని డాక్టర్లు కనిపెట్టింది ఆ తర్వాతే.

మీ డిశ్చార్జ్ కాగితాలు ఒకసారి బయటికి తీయండి. విరేచనాలతో నీరు పోయిన బిడ్డకి సాధారణంగా రక్తంలో బైకార్బొనేట్ అనే క్షారం తగ్గుతుంది, ఈ జబ్బులో అది పెరిగి సోడియం, పొటాషియం, క్లోరైడ్ మూడూ పడిపోతాయి. ఆ ఒక్క తేడా చూసుకోకే చాలాసార్లు దెబ్బతింటాం. కొన్నేళ్ల క్రితం లంకల్నుంచి ఒక బాబుని తెచ్చారు, వాళ్ల అమ్మమ్మ "మా చంటోడి నుదురు ఉప్పుచేపలా ఉంటదండీ" అంది, జుట్టు మొదట్లో చూస్తే చెమట ఆరిపోయి తెల్లటి పొడి, గోరుతో గీస్తే రాలింది. అప్పటికే రెండుసార్లు వడదెబ్బ అని సెలైన్ పెట్టి పంపేశారు, రెండోసారి పంపింది నేనే.

జిడ్డు విరేచనం సంగతంటారా, పాంక్రియాస్ (క్లోమం) రసం పేగులోకి రాక పాలలో కొవ్వు అరగదు, అందుకే ఎంత తాగినా ఆకలే. కొందరికి ఒళ్లు పాలిపోయి కాళ్లు వాస్తాయి, కొందరికి పుట్టు కామెర్లు నెలలు గడిచినా పోవు, ఇంకొందరికి నోటి చుట్టూ, డైపర్ దగ్గర ఏ క్రీముకీ తగ్గని పుండ్లు. పుట్టిన రెండ్రోజుల దాకా నల్ల విరేచనం కాలేదా, పొట్ట ఉబ్బిందా, అది కూడా గుర్తు చేసుకుని చెప్పండి.

మేనరికం వల్ల ఛాన్స్ పెరిగే మాట నిజమే, ఇద్దరిలోనూ అదే లోపం ఉంటే ప్రతి కాన్పుకీ 25 శాతం. కానీ బయటి సంబంధాలు చేసుకున్న వాళ్ల పిల్లలకీ వస్తుంది, ఇంట్లో దీని మీద గొడవలొద్దు.

టెస్ట్‌కి సూది ఉండదు. చేతి మీద మందు పెట్టి సన్నటి కరెంట్‌తో చెమట పట్టించి అరగంట సేపు పోగుచేస్తారు. ఆ చెమటలో క్లోరైడ్ లీటరుకి 60 మిల్లీమోల్స్ గానీ, అంతకు మించి గానీ ఉంటే దాదాపు ఖాయం, 30 లోపుంటే అవకాశం తక్కువ, మధ్యలో వస్తే మళ్లీ టెస్టు, జీన్ టెస్టు. ఒంట్లో వాపుంటే తప్పుగా నార్మల్ రావచ్చు. చేసే చోట్లు తక్కువ, పిల్లల డాక్టర్‌తో రాయించుకుని, ఫోన్ చేసి కనుక్కునే బయల్దేరండి.

ఒకవేళ అదే అని తేలినా పాలతో పాటు ఎంజైములు, కొలతగా ఉప్పు, ఎ, డి, ఇ, కె విటమిన్లు, ఛాతీ ఫిజియోథెరపీ మొదలెడితే పిల్లలు ఒళ్లు చేస్తారు, ఎంత ముందు మొదలెడితే అంత మంచిది. ఈలోగా సొంతంగా ఉప్పునీళ్లు మాత్రం పట్టకండి, చంటిపిల్లకి ప్రాణం మీదికొస్తుంది. తల్లిపాలు మానెయ్యొద్దు, డబ్బాలు మార్చొద్దు. పాలు తాగకుండా మగతగా ఉన్నా, వాంతులు ఆగకపోయినా, డొక్కలెగరేస్తున్నా తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే హాస్పిటల్‌కి తీసుకెళ్లండి.

టెస్ట్‌కి ముందు రోజు నుంచి పాప చేతులకి నూనె, లోషన్ ఏదీ రాయకండి, పాలు మామూలుగానే పట్టండి. ఆ మే నెల కాగితాలు సంచిలో పెట్టుకోవడం మర్చిపోకండి.