క్రూజ్‌కి ఫ్లైట్ టికెట్లు విడిగా కొనాలా, క్రూజ్ కంపెనీ ద్వారానా?

డాలస్ నుంచి సియాటిల్ వెళ్లి అలాస్కా క్రూజ్ ఎక్కేవాళ్లు ఫ్లైట్ ఎక్కడ కొనాలని అడిగారు. నేనైతే విడిగానే కొంటాను, కానీ ఒక రోజు ముందే సియాటిల్ చేరేలా. టైమింగ్, సీటు, ఎయిర్‌లైన్ మైళ్లు (రివార్డు పాయింట్లు) మన చేతిలో ఉంటాయి.

క్రూజ్ కంపెనీ ద్వారా కొంటే, విమానం ఆలస్యమైనప్పుడు వేరే దారి వెతికే టెన్షన్ చాలావరకు వాళ్లదే. అంతేగానీ ఓడ మన కోసం ఆగుతుందన్న హామీ ఉండదు. 'తప్పిపోతే తర్వాతి రేవులో ఎక్కేద్దాం' అనుకోకండి. ఈ ఓడలు దాదాపు అన్నీ బహామాస్, పనామా లాంటి విదేశీ జెండాలవి, అంటే ఆ దేశాల్లో రిజిస్టరైనవి. వాటిలో ఒక అమెరికా రేవులో, అంటే అలాస్కాలోని కెచికాన్ లాంటి చోట ఎక్కి, మరో అమెరికా రేవైన సియాటిల్‌లో దిగడానికి 1886 నాటి అమెరికా చట్టం అడ్డొస్తుంది. ఈ సంగతి చాలామందికి రేవులో నిలబడ్డాకే తెలుస్తుంది!

ఓడ దిగి ఎయిర్‌పోర్ట్ చేరడానికి టైం పడుతుంది కాబట్టి, తిరుగు ఫ్లైట్ మాత్రం మధ్యాహ్నం 12 దాటాకే పెట్టుకోండి.