నొప్పి తగ్గిందని ఊరుకోకు బిడ్డా

బిడ్డా,

మొన్నటిదాకా రాత్రంతా నిద్ర పోనివ్వని పన్ను ఇప్పుడు దానంతట అదే ఊరుకుంది, ఇంక దవాఖానకు ఎందుకు పెద్దమ్మా అని ఫోన్‌లో అన్నావు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు టెన్షన్‌గానే ఉంది. నర్సుగా ఇలాంటి నోళ్లు చాలానే చూశాను కాబట్టి వివరంగా రాస్తున్నాను. డ్యూటీ దిగాక నిదానంగా చదువు.

పన్ను పైన గట్టి పెంకు, దాని కింద కొంచెం మెత్తటి పొర, నడుమ నరం ఉంటాయి. పుప్పి పైపెంకులోనే ఉన్నన్నాళ్లు నొప్పి తెలియదు. లోపలి పొరకు దిగాక చల్లటి నీళ్లకు, తీపికి జివ్వుమంటుంది, మింగగానే పోతుంది. అప్పుడే చూపించుకుంటే ఫిల్లింగ్‌తో అయిపోతుంది. నరం దాకా పోతే లెక్క వేరు. వేడి చాయ్ తాగితే మొదలైన సలుపు గ్లాసు కింద పెట్టినా వదలదు. చెవిలోకి, కణతలోకి గుంజుతుంది, ఏ పన్నో వేలు పెట్టి చూపించలేం. పడుకుంటే తలవైపు రక్తం ఎక్కువ చేరుతుంది, వాచిన నరానికి పన్ను లోపల ఉబ్బే జాగా లేదు, అందుకే రాత్రిపూట అంత నరకం. నువ్వు చెప్పిన నొప్పి అచ్చం ఇదే.

అంత నొప్పి ఉన్నట్టుండి ఆగిందంటే చాలాసార్లు అర్థం ఒకటే, నరం చచ్చిపోయింది. పుప్పి మాత్రం ఆగదు. క్రిములు వేరు కొసదాకా పోయి దవడ ఎముకలోకి దిగుతాయి. కొన్నాళ్లకు ఆ పన్నుతో కొరికితే నొప్పి, పన్ను కొంచెం పైకి లేచినట్టు అనిపిస్తుంది. చిగురు మీద చిన్న పొక్కు లేచి చీము కారుతుంటే నొప్పి కూడా ఉండదు. అది చూసి నయమైందనుకోవద్దు.

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న యాంటీబయాటిక్ గోళీలు మళ్లీ వేసుకోకు. పుప్పి పన్ను నొప్పికి అవి మందు కాదు. వాపు, జ్వరం ఉంటే డాక్టర్ రాస్తారు, అదీ పన్నుకు చేయాల్సిన పని చేస్తూనే. డాక్టర్ దగ్గరికి పోయేలోపు నొప్పి మళ్లీ వస్తే పారాసిటమాల్ 650 ఒకటి వేసుకో, ఆరు గంటలు గడవకుండా రెండోది వద్దు, రోజుకు నాలుగు దాటొద్దు. తాగిన రోజు, లివర్ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వేసుకోకూడదు. గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించు. లవంగ నూనె దూదికి ఒక్క చుక్క అంటించి పన్ను గుంటలో పెడితే కాసేపు తిమ్మిరెక్కి ఊరట ఉంటుంది, చిగురుకు తగిలితే కాలుతుంది. నొప్పి గోళీని చెంపలో నొక్కిపెట్టుకునే అలవాటు కూడా అంతే, లోపలి తోలు తెల్లగా కాలిపోయి పుండవుతుంది. వాకుడు గింజల పొగ పట్టి పురుగులు రాలాయని చూపిస్తారు కదా, పన్నులో పురుగే ఉండదు. తంబాకు పెడితే నొప్పి తగ్గుతుందని ఎవరన్నా చెప్తే అసలే వినకు.

డాక్టర్ రూట్ కెనాల్ అంటే భయపడకు. మత్తు సూది ఇచ్చి చచ్చిన నరం తీసి, లోపల శుభ్రం చేసి మూసేస్తారు. దవడ పన్ను కాబట్టి తర్వాత క్యాప్ వేయించుకోవాలి, లేకుంటే విరిగిపోవచ్చు. నిలబెట్టే వీలున్న పన్నును ఖర్చు చూసి పీకించుకోకు, పక్క పళ్లు ఆ సందులోకి ఒరుగుతాయి. నిలబడదంటే మాత్రం పీకించుకోవడమే మంచిది. పై పన్ను తీస్తే కంటిచూపు పోతుందని మీ నాయనమ్మ అంటుంది గానీ పంటి నరం వేరు, చూపు నరం వేరు.

మీ అమ్మది నీలాంటి నొప్పి కాదు. పళ్లు తోముతుంటే రక్తం వస్తుందని రక్తం వచ్చేచోట తోమడమే మానేసిందట. అక్కడే పాచి పేరుకుని గట్టి గార అవుతుంది, చిగురు ఇంకా వాస్తుంది. మెత్తటి బ్రష్‌తో అక్కడే మెల్లగా తోమాలి, ఒకసారి క్లీనింగ్ చేయించాలి. క్లీనింగ్‌తో పళ్లు కదులుతాయన్నది తప్పు. గార పోయాక సందులు తెలుస్తాయి, అంతే. ఆమెకు షుగర్ ఉంది కాబట్టి ఇంకా తొందర పడాలి. షుగర్ ఎక్కువైతే చిగుళ్లు చెడతాయి, చిగుళ్లు చెడితే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది.

మన నల్గొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు దిక్కు పెరిగినవాళ్ల పళ్ల మీది పసుపు, గోధుమ మచ్చలు వేరే సంగతి. చిన్నప్పుడు దవడలో పన్ను తయారయ్యేటప్పుడే ఫ్లోరైడ్ నీళ్ల వల్ల పడ్డ మచ్చలవి. బూడిదతో, ఇటుక పొడితో ఎంత రుద్దినా పోవు, పైపెంకు అరిగి జివ్వుమనడం మొదలవుతుంది. పిల్లలకు మాత్రం బోరు నీళ్లు తాగించొద్దు, మిషన్ భగీరథ కింద సర్కారు శుద్ధి చేసి ఇచ్చే నల్లా నీళ్లే తాగించండి. ఆరేళ్లప్పుడు పాలపళ్ల వెనక వచ్చే దవడ పన్ను పాలపన్ను కాదు, ఊడి మళ్లీ రాదు. మీ బిడ్డకు ఇప్పుడు వస్తున్నది అదే, జాగ్రత్తగా తోమించండి.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. చెంప వాపు కంటి దాకా ఎక్కినా, దవడ కింద మెడ బిగిసినా, నోరు తెరవలేకపోయినా, మింగడానికో ఊపిరికో ఇబ్బంది అయినా, ఇంకో రోజు చూద్దాం అనొద్దు, 108 కు ఫోన్ చెయ్. చీము గొంతు వైపు దిగితే ప్రాణం మీదికి వస్తుంది. నడిస్తే కింది దవడ గుంజి, చెమట పట్టి, ఛాతీ బరువెక్కితే అది పన్ను కాదు, గుండె కావచ్చు. అప్పుడూ 108 కే చెయ్.

నువ్వు ఉండేది చౌటుప్పల్‌లో కాబట్టి నార్కట్‌పల్లి డెంటల్ కాలేజీ దగ్గర. హైదరాబాద్‌లో పని ఉంటే అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ డెంటల్ కాలేజీకి పో. కాలేజీల్లో విద్యార్థులు పెద్ద డాక్టర్ల ముందు చేస్తారు, టైమ్ పడుతుంది గానీ ఖర్చు తక్కువ. పొద్దున్నే టిఫిన్ చేసి వెళ్లు, వేసుకున్న గోళీల రేకులు వెంట తీసుకుపో. అమ్మను కూడా తీసుకుపో, ఆమె షుగర్ చీటీ మర్చిపోకు. గుండెకు రక్తం పలుచబడే గోళీ వేసుకుంటుందని డాక్టర్‌కు ముందే చెప్పు, మీ అంతట మీరు దాన్ని ఆపకండి.

ఈ వీక్లీ ఆఫ్‌కే పోయిరా. డాక్టర్ ఏమన్నారో సాయంత్రం ఫోన్ చేసి చెప్పు.

మీ పెద్దమ్మ
దేవరకొండ