ఉద్యోగం బెంగళూరులో, ఊరు కరువు సీమలో: ఊరు నిలబడటానికి మనం ఏం చేయగలం?

మీరు అడిగింది ఇదీ: వానలు నమ్మేట్టు లేవు, బోర్లు ఎండుతున్నాయి, కుర్రాళ్లంతా బెంగళూరు వచ్చేస్తున్నారు, ఇక్కడ ఉద్యోగాలు చేసుకునే నలుగురం కలిసి ఊరికి ఏం చేయొచ్చు అని. మా ఊరిదీ అదే పరిస్థితి. మాది పెనుకొండ పక్కన చిన్న పల్లె, నేను పదిహేనేళ్లుగా యలహంకలో ఉంటున్నా. పొద్దున ఇక్కడ రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇంటి దగ్గరుంటాను. ఇంత దగ్గర కాబట్టే మా ఊరి వాళ్లు సగం మంది ఇక్కడి బిల్డింగ్ పనుల్లో, అపార్ట్‌మెంట్ గేట్ల దగ్గర కనిపిస్తారు.

ముందు మేం చేసిన తప్పు చెప్తాను, మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టే ప్రమాదం ఉంది. ఆరుగురు స్నేహితులం డబ్బులు వేసుకుని, శనక్కాయ మాని కొర్ర వేయమని పన్నెండు మంది రైతులను ఒప్పించాం. కొర్రకు నీళ్లు తక్కువ చాలు, మూడు నెలల్లో చేతికొస్తుంది, బెంగళూరు షాపుల్లో మంచి ధర ఉంది. ఇవన్నీ నిజాలే. పంట కూడా బాగానే వచ్చింది. కానీ కొర్రకు పొట్టు తీస్తేనే బియ్యం. మా దగ్గర్లో ఆ మిల్లు లేదు. దూరాన ఉన్న ఒక మిల్లు వాళ్లు టన్నుల్లెక్కన తెస్తేనే ఆడిస్తామన్నారు. మూటలు మా చిన్నాయన వసారాలో నెలల తరబడి ఉండిపోయాయి. కింది వరస మూటలను ఎలుకలు కొట్టేశాయి. గింజలు నేల మీద పారి, నడిస్తే కాళ్ల కింద జారేవి. చివరికి వచ్చిన రేటుకు అమ్మేశారు. ఆ రోజు చిన్నాయన కోపంగా కూడా అనలేదు, మామూలుగానే అన్నాడు: "అబ్బీ, మీకు ఒకటో తేదీకి జీతం పడింది. మాకేం పడింది?"

మీ ప్రశ్నకు నా జవాబు ఆ మాటలోనే ఉంది. ఊళ్లో వాళ్లకు ఆలోచనలు లేక కాదు, మొదటిసారి నష్టం వస్తే మోసే దిక్కు లేక పాత పంటనే పట్టుకుని ఉంటారు. బయట ఉన్న మనం చేయగలిగిన అసలు సాయం ఆ మొదటి నష్టాన్ని మోయడం. ఇప్పుడు మా ఒప్పందం ఇదే: రైతు అర ఎకరా ఇస్తే చాలు. పక్క చేలో వచ్చినంత ఆదాయం ఆ అర ఎకరాలో రాకపోతే, తక్కువపడింది మేం కడతాం. రెండుసార్లు కట్టాం కూడా.

పెనుకొండ నుంచి దూరం కూడా కాదు, చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ 1990 నుంచి పనిచేస్తోంది. అక్కడి ధరణి సహకార సంఘం సభ్యుల పంటను తానే కొని, శుభ్రం చేసి, అమ్ముతుంది. విత్తనం వేయకముందే కొనేదెవరు, ఆడించేదెక్కడ అన్నది తేల్చుకోవాలని మాకు అక్కడికి వెళ్లాకే అర్థమైంది.

తర్వాత నీళ్లు. మాకు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. ఎకరా మీద ఒక్క మిల్లీమీటరు పడితే సుమారు 4,000 లీటర్లు. బడిలో వానమాపకం పెట్టించాం. ఎనిమిదో తరగతి పాప ఒకతి కొలిచి రచ్చకట్ట పక్క గోడ మీద బొగ్గుతో రాస్తుంది. మోటారు తీసేసిన ఒక పాత బోరులో నెలకోసారి మూరమూరకు ముడి వేసిన తాడు వదిలి, తడి ఎన్నో ముడి దగ్గర తగిలిందో కూడా అక్కడే రాస్తారు. ఇది మేం కనిపెట్టింది కాదు. 2000ల్లో ఏపీఎఫ్ఏఎంజీఎస్ అని, రైతులే భూగర్భ జలాలను చూసుకునే ప్రాజెక్టు కింద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే నీటిమట్టం కొలిచి, దాన్ని బట్టి రబీ పంట ఎంచుకున్నారు. మా ఊళ్లో పంట మార్చమని ఎవరికీ ఎవరూ చెప్పలేదు. తడి తగిలే ముడి కిందికి దిగిపోతున్న ఏడాది నలుగురు వరి మడి మానుకుని ఉలవ వేశారు. నీళ్లు ఎక్కడున్నాయో కొబ్బరికాయ పట్టి చూసేవాళ్లతో పాయింట్ పెట్టించి మూడు బోర్లు వేసి అప్పులపాలైన మా మామ కూడా ఇప్పుడు ముందు ఆ గోడ చూస్తాడు.

నీటి కుంటలను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మా పాత జిల్లా అనంతపురంలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ పనుల్లో తవ్విన కుంటలు మా చేలల్లోనూ ఉన్నాయి. పది మీటర్ల పొడవు, అంతే వెడల్పు, రెండు మీటర్ల లోతు కుంట నిండితే సుమారు 2 లక్షల లీటర్లు. శనక్కాయకు ఊడలు దిగేటప్పుడు వాన ముఖం చాటేస్తే, ఒక్క 20 మిల్లీమీటర్ల తడి పంటను కాపాడుతుంది. అంటే ఎకరాకు 80,000 లీటర్లు, ఆ కుంట రెండెకరాలను గట్టెక్కిస్తుంది. మేం కొన్నది ఒక డీజిల్ ఇంజను, కొన్ని స్ప్రింక్లర్లు, అంతే. ఊరంతా వంతులేసుకుని వాడుకుంటారు.

నవధాన్యాల సంగతి అందరూ చెప్తారు, క్లుప్తంగా రాస్తా. తొలకరికి ముందే మట్టి, బీజామృతం (ఆవు పేడ, మూత్రం, సున్నం కలిపిన నీళ్లు) పట్టించిన రకరకాల విత్తనాలు పొడి నేలలో చల్లి, పైన గడ్డి కప్పితే, వానలు వచ్చేసరికి నేల మీద పచ్చదనం ఉంటుంది. మా అమ్మకు అందులో నచ్చింది ఆవులకు దొరికే మేత.

ఇంకొకటి. మాకు రైలు టైము కుదురుతుందని ఆదివారం పదకొండింటికి మీటింగ్ పెట్టేవాళ్లం, మగవాళ్లే వచ్చేవారు. ఇప్పుడు ఊళ్లో సేద్యం చేసేది ఎక్కువగా ఆడవాళ్లు, పెద్దవాళ్లు. పాలు పితికి, వంటలయ్యాక రాత్రి ఎనిమిదికి పెడితే పొదుపు సంఘం మొత్తం వచ్చింది. కలుపు తీయడానికి మనుషులు దొరకడం లేదన్న అసలు సమస్య ఆ రాత్రే బయటికొచ్చింది. కుర్రాళ్లను వెనక్కి పిలిపించాలన్న ఆలోచన మేం అప్పుడే వదిలేశాం. ఉన్నవాళ్ల చేతులకు, ఓపికకు సరిపడే పని చూస్తున్నాం.

మీ మండలం ఏది, పారుతున్న బోర్లు ఎన్ని, మీ చెరువు చివరిసారి నిండి మరవ పోయింది ఏ ఏడాదో మీ నాన్నగారిని అడిగి రాయండి. మొదటి అర ఎకరాలో ఏం వేస్తే బాగుంటుందో దాన్ని బట్టి మాట్లాడుకుందాం.