పుష్ బ్యాక్ అంటే వాయిదా వేయడమా, ఎదిరించడమా?

రెండు అర్థాలూ ఉన్నాయి. ‘పుష్ బ్యాక్ ద డేట్’ అంటే తేదీని ఇంకొన్ని రోజులు జరపడం. ‘పుష్ బ్యాక్ ఆన్ ద డేట్’ అంటే ఆ తేదీ కుదరదని అభ్యంతరం చెప్పడం. తేడా అంతా ఆ ‘ఆన్’లోనే ఉంది.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేను దాన్ని పట్టించుకోలేదు. క్లయింట్ పెట్టిన గడువు మరీ దగ్గరగా ఉందని మా టీమ్ లీడ్ నాకు ‘ప్లీజ్ పుష్ బ్యాక్ ఆన్ ద డేట్’ అని మెయిల్ పెట్టారు. వాయిదా వేయమన్నారనుకుని, పని వారం ఆలస్యంగా ఇస్తామని క్లయింట్‌కు రాసేశాను. నిజానికి ఆయన చెప్పింది, ఆ తేదీకి ఎందుకు కష్టమో వివరించి మాట్లాడి చూడమని. మమ్మల్ని అడగకుండా మీరే ఎలా నిర్ణయిస్తారని క్లయింట్ నొచ్చుకున్నారు. విషయం సర్దుకునేదాకా ఒకటే టెన్షన్.

‘ఎదిరించడం’ అనే అర్థం తప్పు కాదు గానీ, ఆఫీసు మాటల్లో అది మరీ బరువవుతుంది. ‘తిరస్కరించడం’ అంటే అక్కడితో మాట ముగిసిపోయినట్టు. పుష్ బ్యాక్‌లో మాట ముగియదు. నాకు సమ్మతం కాదు, కారణం ఇదీ అని చెప్పి అవతలివారి జవాబు కోసం ఆగుతాం. ‘ఎదురు చెప్పడం’ దగ్గరగానే ఉంటుంది, కానీ మన చెవికి అందులో కాస్త అమర్యాద వినిపిస్తుంది. ఇంగ్లీషులో ఆ మచ్చ లేదు. ‘ఐ వాంట్ టు పుష్ బ్యాక్ ఆన్ దట్ ఎ లిటిల్’ అని పైఅధికారితో కూడా అనొచ్చు. ఇది తెలియక నేను చాలాకాలం మీటింగుల్లో నోరు విప్పలేదు, అదే నాకు ఎక్కువ బాధ.

ఎవరైనా ఒక విధానాన్నో అభిప్రాయాన్నో ప్రతిఘటిస్తుంటే ‘పుష్ బ్యాక్ అగెనెస్ట్’ అంటారు. అక్కడ ‘ఎదిరించడం’ చక్కగా సరిపోతుంది. నామవాచకమైతే రెండు మాటలూ కలిపి ‘పుష్‌బ్యాక్’ అని రాయాలి. విమానాన్ని గేటు దగ్గర నుంచి వెనక్కి నెట్టడాన్నీ అలాగే అంటారు.

అనుమానం వస్తే ఇలా చూడండి. ‘పుష్ ద మీటింగ్ బ్యాక్’ అని మీటింగ్‌ను మధ్యలో పెట్టగలిగితే అది వాయిదా. ఆన్, అగెనెస్ట్ వచ్చినా, అసలు ఏమీ లేకుండా ‘షి పుష్డ్ బ్యాక్’ అని ఆగిపోయినా, ఆమె ఒప్పుకోలేదని.