టెక్సాస్ హైస్కూల్‌లో రీటేక్ చేసినా ర్యాంకు ఎందుకు మారలేదు?

మీ అమ్మాయికి పదకొండో తరగతిలో ఏపీ ఫిజిక్స్‌లో (కాలేజీ స్థాయి కోర్సు) 64, వేసవిలో మళ్ళీ చదివితే 92, అయినా క్లాస్ ర్యాంకు కదల్లేదన్నారు. చాలావరకు కారణం ఇదే: రీటేక్‌తో క్రెడిట్ (కోర్సు పాసైనట్టు లెక్క) వచ్చింది, ర్యాంకు లెక్కలో మాత్రం మొదటి మార్కే ఉండిపోయింది. పాస్ మార్కు 70 అన్నది రాష్ట్రమంతా ఒకటే. ర్యాంకు లెక్క ఏ స్కూల్ డిస్ట్రిక్ట్‌ది దానిదే.

1. డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో బోర్డు పాలసీలు తెరిచి, ‘ఈఐసీ లోకల్’ (EIC LOCAL) అన్న క్లాస్ ర్యాంకు పాలసీ చదవండి. చాలామంది కౌన్సెలర్ నోటిమాటతో ఆగిపోయి దీన్ని చూడరు. వేసవి, ఆన్‌లైన్, క్రెడిట్ రికవరీ (ఫెయిలైన కోర్సుకి మళ్ళీ క్రెడిట్ తెచ్చుకునే) కోర్సులు ర్యాంకులోకి వస్తాయో రావో అందులోనే ఉంటుంది. మీ అమ్మాయి తొమ్మిదిలో చేరిన సంవత్సరానికి వర్తించే పేరానే చూడండి; పక్క బ్యాచ్‌కి వేరే రూల్ ఉండొచ్చు.

2. రీటేక్ మార్కు లెక్కలోకి వస్తుందని అక్కడ ఉంటే, ర్యాంకు ఏ తేదీకి లెక్కగట్టారో స్కూల్ రిజిస్ట్రార్‌ని (రికార్డులు చూసేవారిని) ఈమెయిల్‌లో అడగండి. జవాబు రాతలో ఉండాలి.

3. ఈ ఏడాది ఏదైనా కోర్సు వదలాలనుకుంటే ముందు డ్రాప్ గడువు తెలుసుకోండి. గడువు దాటితే ట్రాన్‌స్క్రిప్ట్‌లో (మార్కుల రికార్డులో) విత్‌డ్రా అని గానీ, ఫెయిల్ అని గానీ పడొచ్చు.

టెన్షన్ పడకండి. 2026 ఫాల్ నుంచి యూటీ ఆస్టిన్‌లో (టెక్సాస్ యూనివర్సిటీ) ఆటోమేటిక్ అడ్మిషన్ క్లాస్ ర్యాంకులో మొదటి 5 శాతానికే. మిగతావాళ్ళ ట్రాన్‌స్క్రిప్ట్ మొత్తం చూస్తారు, ఆ 92 అక్కడ కనిపిస్తుంది.