స్ప్లీన్ ఆపరేషన్‌కి ముందురోజే ప్లేట్‌లెట్లు ఎందుకు ఎక్కించరంటే

మీ చెల్లెలికి ఐటీపీ (ప్లేట్‌లెట్లు తగ్గిపోయే జబ్బు), ప్లేట్‌లెట్ కౌంటు 20 వేలు దాటడం లేదు, స్ప్లీన్ (ప్లీహం) తీసేస్తామంటున్నారు, కానీ ముందురోజు ప్లేట్‌లెట్లు ఎక్కించకుండా ప్యాకెట్లు రెడీగా ఉంచమన్నారు, ఇదేమన్నా అశ్రద్ధా అని కదండీ మీ అనుమానం. కాదండి. మా ఆవిడకి కాకినాడలో ఇదే ఆపరేషన్ చేసినప్పుడు మా ఇంట్లోనూ ఇదే గొడవ.

మన కోనసీమలో డెంగ్యూ సంగతి తెలియనివాళ్లు లేరు కాబట్టి, కౌంటు పడిందనగానే అందరూ ఎక్కించేయమనేవాళ్లే. మా బావగారైతే అమలాపురం నుంచి బొప్పాయి ఆకు రసం సీసాతో సహా దిగి, "డబ్బులదేముందండీ, ముందు ఎక్కించండి" అని డ్యూటీ డాక్టరు మీదకి వెళ్లారు. ఐటీపీ కథ వేరు. ఇందులో ఒంట్లోనే పుట్టిన యాంటీబాడీలు ప్లేట్‌లెట్లకి అంటుకుంటాయి, అలా అంటుకున్నవాటిని స్ప్లీన్ పట్టి చంపేస్తుంది, సొంతవా దాతవా అని చూడదు. సాయంత్రం ఎక్కించిన జంబో ప్యాకెట్ (ఒకే దాత నుంచి మిషన్‌తో తీసిన ప్లేట్‌లెట్లు) తెల్లారి థియేటర్‌కి తీసుకెళ్లేసరికి లెక్కలో కనబడకపోవచ్చు. గండి పూడ్చకుండా బోదెకి నీళ్లు వదిలినట్టే. అందుకే సర్జన్ స్ప్లీన్‌కి వెళ్లే ధమనిని బిగించాక, అప్పటికీ రక్తం ఆగకపోతేనో కౌంటు మరీ తక్కువుంటేనో మత్తు డాక్టరు ప్యాకెట్ తగిలిస్తారు.

ముందు చేసేది వేరే ఉంటుంది. స్టెరాయిడ్లతోనో ఐవీఐజీతోనో (నరంలోకి ఎక్కించే యాంటీబాడీల మందు) కౌంటుని వీలైతే 50 వేల దాకా లాగుతారు. ఐవీఐజీ ఖరీదు బాగా ఎక్కువ, బిల్లు ఎంతవుతుందో ముందే అడగండి. అయితే తలలోనో కడుపులోనో రక్తస్రావం మొదలైతే మాత్రం ఈ లెక్కలేవీ ఉండవు, స్ప్లీన్ ఉన్నా సరే వెంటనే ఎక్కిస్తారు.

ప్యాకెట్ల సంగతి ఆఖరి నిమిషానికి పెట్టుకోకండి. బ్లడ్ బ్యాంకులో ఆ లేత పసుపు సంచులు ఫ్రిజ్‌లో కాకుండా 20–24 డిగ్రీల్లో ఊగే ట్రేల మీద ఉంటాయి, మామూలుగా 5 రోజులకి మించి నిలవుండవు. జంబో కావాలంటే దాత మిషన్ దగ్గర గంటా గంటన్నర కూర్చోవాలి, కాబట్టి మనిషిని ముందే మాట్లాడిపెట్టుకోండి.

టీకాల గురించి ఎవరైనా చెప్పారా? స్ప్లీన్ లేకపోతే కొన్ని ఇన్ఫెక్షన్లు తొందరగా ముదురుతాయి కాబట్టి న్యుమోకోకల్, మెనింగోకోకల్, హిబ్ టీకాలు, ఇవి వీలైతే ఆపరేషన్‌కి కనీసం 2 వారాల ముందే పడాలి. ఆపరేషన్ అయ్యాక ఎప్పుడు జ్వరమొచ్చినా ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ చేయించి ఊరుకోవద్దు, అర్ధరాత్రయినా పెద్దాసుపత్రికి వెళ్లి "స్ప్లీన్ తీసేశారండి" అని మొదటే చెప్పండి.