పచ్చికలో రాత్రికి రాత్రి పడే కన్నాలు: ముందు అవి ఎవరివో తేల్చుకోండి

బెంగళూరులో సర్జాపూర్ రోడ్డు వైపు కొత్తగా ఇల్లు కట్టుకున్నామని, ఇంటి ముందు పరిచిన మెక్సికన్ గడ్డిలో ఉదయం లేచేసరికి కొత్త కన్నాలు, వాటి పక్కన మట్టి కుప్పలు కనిపిస్తున్నాయని మీరు రాశారు. తోటమాలి అవి పాము కన్నాలంటున్నారు. అమెరికాలో ఉన్న మీ బంధువు మోల్ అని తేల్చి ఆముదం గుళికలు చల్లమన్నారు. చిన్నపిల్లలు అక్కడే ఆడుకుంటారు కాబట్టి ఎవరి మాట వినాలో తెలియక అడిగారు. మేము హొరమావు వైపు ఉంటాం. మా ఇంటికి ఒక పక్క ఖాళీ సైటు, వెనక వాననీటి కాలువ ఉన్నాయి. మీరు చెప్పిన బెడదను మేమూ పడి బయటపడ్డాం కాబట్టి ఆ అనుభవంతో రాస్తున్నాను.

మొదట మోల్ సంగతి. అమెరికా, ఐరోపా తోటల్లో పచ్చిక కింద సొరంగాలు తవ్వి మట్టి గుట్టలు లేపే ఆ జంతువు దక్షిణ భారతదేశంలో లేదు. మన దేశంలో ఆ కుటుంబానికి చెందినవి హిమాలయ ప్రాంతంలోను, ఈశాన్య రాష్ట్రాల్లోను మాత్రమే ఉన్నాయి. అది ఎలుక జాతిది కూడా కాదు, వానపాములను, మట్టిలోని పురుగులను తిని బతికేది. ఆముదం గుళికలు దానిని తరమడానికి అక్కడివారు వాడుకునే మందు. మన ఇంటి ముందు తవ్వుతున్నది వేరే జీవి అయినప్పుడు వాటి మీద డబ్బు పెట్టడం దండగ. నేలలో గుచ్చితే శబ్దం చేసే సోలార్ కడ్డీలను కూడా నేను కొనమని చెప్పను. మా వీధిలో ఒకరు పెట్టుకున్నారు. ఆ కడ్డీ పక్కనే కొత్త కన్నం పడింది.

ఇక్కడ ఇళ్ల పచ్చికలో పిడికిలి దూరేంత కన్నం, దాని పక్కన గంపెడు వదులు మట్టి కనిపిస్తే నేను మొదట అనుమానించేది పందికొక్కును. మా తోటమాలి చింతామణి వైపు ఊరి నుంచి వచ్చిన మనిషి, సగం తెలుగు, సగం కన్నడలో మాట్లాడతారు. మట్టిని చూడగానే ఆయన "ఇది హెగ్గణం పనే సార్" అనేశారు. కన్నడంలో పందికొక్కును అలాగే అంటారు. పందికొక్కుల్లో రెండు రకాలున్నాయి. పెద్ద పందికొక్కు నల్లటి బిరుసు వెంట్రుకలతో, బాగా ఎదిగితే కిలో దాకా తూగుతుంది. మూలకు తరిమితే వెంట్రుకలు నిక్కబొడుచుకుని గుర్రుమంటుంది. మురుగు కాలువలు, గోడల పునాదులు, చెత్త కుప్పలు దాని నెలవులు. రెండోది పొలాల్లో పంటను పాడుచేసే చిన్న పందికొక్కు. దాని ఒళ్లు సుమారు జానెడుంటుంది, తోక ఒంటికన్నా పొట్టిగా ఉంటుంది. ఇది మహా తవ్వకపు జీవి. కొమ్మలు కొమ్మలుగా సొరంగాలు తవ్వి, లోపల ఒక అరలో గింజలు దాచుకుని, లోపలికి వెళ్లాక ద్వారాన్ని తాజా మట్టితో మూసుకుంటుంది. అందువల్ల కన్నమే కనిపించకుండా పచ్చిక మీద తడి మట్టి కుప్ప మాత్రమే కనిపిస్తే ఈ రెండోదాన్ని అనుమానించాలి. నిన్నమొన్నటి దాకా రాగి చేలున్న నేల మీద వేసిన లేఅవుట్లలో ఇది ఉండటం వింతేమీ కాదు.

అయితే అనుమానం మీద పని మొదలుపెట్టకండి. సాయంత్రం చీకటి పడకముందు తోటలోని కన్నాలన్నిటినీ మట్టితో పూడ్చి కాలితో అదమండి. తెల్లవారి ఏవి తెరుచుకుని ఉంటే వాటిలోనే ప్రస్తుతం జీవి ఉన్నట్టు. ఎలుకల నివారణ పని చేసేవారు పొలాల్లో చూసుకునేది ఇలాగే. మా పచ్చికలో కన్నాలు చాలా కనిపించినా, ఇలా పరీక్షిస్తే తెరుచుకున్నవి గోడ వెంబడి ఉన్న కొన్ని మాత్రమే. మిగిలినవన్నీ పాతబడి వదిలేసినవి. రెండో పరీక్ష మా అమ్మ చెప్పింది. తెరుచుకున్న కన్నం ముందు ముగ్గుపిండిని జల్లెడతో పలచగా చల్లి ఉంచితే, ఉదయానికి దాని మీద అడుగులు అచ్చుపడతాయి. ఎలుక జాతి జీవులకు ముందు కాళ్లకు నాలుగేసి వేళ్లు, వెనక కాళ్లకు ఐదేసి వేళ్లు అచ్చుపడతాయి, మధ్యలో తోక ఈడ్చిన గీత కూడా కనిపించవచ్చు. చుంచుకు నాలుగు కాళ్లకూ ఐదేసి వేళ్లే, అడుగులు కూడా చిటికెన వేలి గోరంత ఉంటాయి. మాకు పడిన అచ్చుల్లో వెనక అడుగు నా బొటనవేలికన్నా పొడుగ్గా ఉంది, పిండి మీద గోళ్ల గుంతలు విడివిడిగా దిగి ఉన్నాయి. దాంతో ఇక సందేహం మిగల్లేదు. ముంగిస కూడా బొరియ తవ్వుతుంది కానీ అది పగటిపూట తిరిగే జంతువు కాబట్టి మీకే ఎప్పుడో ఒకప్పుడు కంటబడుతుంది. దాన్ని మాత్రం కదిలించకండి, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ కల్పిస్తోంది, పైగా ఎలుకలను తినేది అదే.

చుంచు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని ఎలుక అనుకుని చంపేవారు ఎక్కువ. పొడవాటి మూతి, చిన్న కళ్లు, దగ్గరికి వెళ్తే ముక్కుపుటాలు అదిరే ఘాటైన వాసన, గోడ వారన కిచకిచలాడుతూ పరుగెత్తడం దాని గుర్తులు. బొద్దింకలు, పురుగులు దాని ఆహారం. అది మీ గడ్డిని పాడుచేయదు, అప్పటికే ఉన్న కన్నాల్లో దూరి ఉంటుంది, అంతే. దాన్ని వదిలేయండి.

కన్నం చిన్నదై, గడ్డి అక్కడక్కడ పసుపుబారుతుంటే వేరే కథ. ఎండిన చోట గడ్డిని గుప్పిట పట్టి లాగి చూడండి. వేర్లు తెగిపోయి చాప చుట్టినట్టు లేచి వస్తే కింద వేరు పురుగు ఉన్నట్టు. తెల్లని ఒళ్లు, గోధుమరంగు తల, అరచేతిలో వేసుకుంటే ముడుచుకుని పడుకునే లావాటి పురుగు అది. వేసవి చివర మొదటి మంచి వాన పడిన సాయంత్రాల్లో మట్టిలోంచి గోధుమరంగు పెంకు పురుగులు గుంపులుగా లేచి వేప, ఇతర చెట్ల ఆకుల మీద వాలుతాయి. అవే తిరిగి నేలలోకి దిగి గుడ్లు పెడతాయి, పిల్లలు వేర్లను కొరుకుతూ పెరుగుతాయి. వాటి కోసమే గోరింకలు, జెముడుకాకులు, కాకులు ముక్కుతో గడ్డిని పెళ్లగిస్తాయి, పందికొక్కు కూడా తవ్వుతుంది. అందుకే కొన్ని ఇళ్లలో పందికొక్కును తరిమినా తవ్వకాలు ఆగవు. వానలు మొదలైన ఆ సాయంత్రాల్లో ఒక బల్బు కింద నీళ్ల పళ్లెంలో కొద్దిగా కిరోసిన్ వేసి ఉంచితే పెంకు పురుగులు అందులో పడతాయి. పచ్చికకు వేపపిండి వేయడం, మెటారైజియం అనే శిలీంధ్రపు పొడిని బాగా చివికిన ఎరువులో కలిపి తడి నేల మీద చల్లడం మేము చేసిన పనులు. శిలీంధ్రం మెల్లగా పనిచేస్తుంది, ఒక్క వానకు ఫలితం ఆశించకండి.

మిగిలినవి చిన్న విషయాలు. వాన వెలిసిన తర్వాత చుట్టలు చుట్టలుగా కనిపించే మట్టి వానపాములది, అది నేలకు మేలే. తడి నేల మీద వేలెడు వెడల్పున ఉబ్బిన గీతలు వంకరటింకరగా పోతుంటే నేలలో సొరంగాలు చేసే కీచురాయి ఉండవచ్చు. బకెట్ నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు ద్రవం రెండు మూడు చెంచాలు కలిపి ఆ చోట పోస్తే పైకి వచ్చేస్తుంది. చెరువు పక్క లేఅవుట్లలో కన్నం చుట్టూ గోలీల్లాంటి మట్టి ఉండలు కనిపిస్తే అది ఎండ్రకాయ.

ఇప్పుడు పందికొక్కు విషయానికే వస్తాను, ఎందుకంటే మీరు రాసిన గుర్తులు దానికే సరిపోతున్నాయి. మీ పచ్చిక దానికి అసలు గమ్యం కాకపోవచ్చని గ్రహించడం ముఖ్యం. తిండి ఒకచోట, ఇల్లు ఒకచోట, మధ్యలో మీ మెత్తటి మట్టి ఉంటాయి. మా ఇంట్లో తిండి మూడు చోట్ల దొరికింది. రాత్రిపూట గిన్నెలో మిగిలిన కుక్క అన్నం, అడుగు తెరిచి ఉన్న కంపోస్ట్ డబ్బా, పై అంతస్తువారు పావురాలకు వేసే గింజలు. కుక్క గిన్నెను రాత్రి లోపల పెట్టడం, కంపోస్ట్ డబ్బా కింద సన్న ఇనుప జాలీ పరచడం సులువుగానే అయిపోయాయి. పావురాల గింజల గురించి పై అంతస్తువారితో మాట్లాడి ఒప్పించడమే అన్నిటికన్నా కష్టమైంది. పక్కనున్న ఖాళీ సైటులో చెత్త వేస్తున్నంత కాలం ఏ ఒక్క ఇల్లూ ఒంటరిగా గెలవలేదు కనుక, మీ వీధిలో కనీసం ఆ పక్క, ఈ పక్క వారినైనా కలుపుకోండి.

పట్టడానికి నేను నమ్మేది పెద్ద ఇనుప బోను. ఇంట్లోని చిట్టెలుకల బోను దీనికి చాలదు. పందికొక్కు కొత్త వస్తువును చూస్తే వెంటనే దగ్గరికి రాదు, అందుకని మొదటి కొన్ని రాత్రులు బోను తలుపు పడకుండా కట్టేసి, లోపల ఎర మాత్రం పెట్టి, గోడను ఆనించి అది నడిచే దారిలోనే ఉంచాలి. ఎరను తిని వెళ్లడం అలవాటైన తర్వాతే తలుపును సిద్ధం చేయాలి. ఎండు కొబ్బరి ముక్కను స్టవ్ మంట మీద అంచులు నల్లబడి నూనె చెమర్చేదాకా కాల్చి కట్టండి, ఎండుచేప తినే ఇల్లయితే అది ఇంకా మంచిది. పడినదాన్ని దూరంగా తీసుకెళ్లి వదలడం అంటే మన బెడదను ఇంకొకరి వాకిట్లో దించి రావడమే అని నా అభిప్రాయం. మేము బోనుతో సహా పెస్ట్ కంట్రోల్ వారికి అప్పగించాం. జిగురు అట్టలు వద్దు, వాటికి అంటుకున్న జీవి గంటల తరబడి గిలగిలలాడుతుంది, ఉడుత, తొండ, చుంచు కూడా వాటిలోనే పడతాయి.

విషం గురించి నిదానంగా చెప్పాలి. జింక్ ఫాస్ఫైడ్ ఎరను కొద్దిగా తిని బాధపడి బతికిన పందికొక్కు మళ్లీ ఆ ఎర ముఖం చూడదు. కుక్క, పిల్లి, పసిబిడ్డ తింటే ప్రాణం మీదికి వస్తుంది. బ్రోమాడియోలోన్ బిళ్లలు రక్తం గడ్డకట్టకుండా చేసి కొన్ని రోజులకు చంపుతాయి, చచ్చినదాన్ని లేదా చావబోయేదాన్ని తిన్న గుడ్లగూబకు, పిల్లికి ఆ విషం చేరుతుంది. తప్పనిసరైతే తాళం వేసే ఎర పెట్టెలో, శిక్షణ ఉన్నవారి చేతే పెట్టించండి. మిగిలిన ఎరనూ, చచ్చిన కళేబరాలనూ వారే వెతికి తీసేలా ముందే మాట్లాడుకోండి. ఇక అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలను కన్నంలో వేయమని ఎవరైనా సలహా ఇస్తే అసలు వినకండి. తేమ తగలగానే వాటినుంచి ఫాస్ఫీన్ వాయువు వస్తుంది, దానికి విరుగుడు లేదు, మామూలు మనుషులకు వాటిని అమ్మడం కూడా నిషిద్ధం. పందికొక్కు సొరంగం పునాది కింది నుంచి మీ పడకగది నేల దాకా వచ్చి ఉండవచ్చు. ఎలుకల బాధకు ఇల్లు తగలబెట్టుకున్నట్టు అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

మాకు నిలకడగా పనిచేసినది జాలీయే. కాంపౌండు గోడ లోపలి వైపున సుమారు రెండడుగుల లోతున గాడి తవ్వించి, అర అంగుళం గళ్ల జీఐ వెల్డ్ మెష్‌ను, అంటే జింకు పూత ఉన్న ఇనుప జాలీని, నిలువుగా దించి, అడుగున ఒక అడుగు మేర బయటి వాననీటి కాలువ వైపుకు, అంటే పందికొక్కు వచ్చే దిశకు వంచి పూడ్పించాం. అది కిందికి తవ్వుకుంటూ వచ్చినా వంపు దగ్గర ఆగిపోతుంది. వాననీరు బయటికి పోయే గొట్టాల నోళ్లకు, ఇంకుడు గుంత పొంగు గొట్టానికి, ఛాంబరు మూతల సందులకు జాలీ బిగించాం. దీనికి ఖర్చు బాగానే అవుతుంది, ముందు వైపు గోడ వరకే చేసి చూద్దామని మేస్త్రీ అన్నా ఒప్పుకోకండి, అది ఏ పక్క ఖాళీ ఉంటే ఆ పక్కకు తిరుగుతుంది. పాత సొరంగాల్లోకి పైపుతో నీళ్లు వదిలి పైకప్పు కూలనిచ్చి, కంకర జల్లి, మట్టి, ఇసుక పొరలుగా వేసి దిమ్మిస కొట్టించిన తర్వాతే గడ్డి ముక్క పరచండి. పునాదికి దగ్గరగా ఉన్న కన్నాల్లో మాత్రం నీళ్లు వదలకండి, వాటిని పొడి మట్టితో, జల్లితో కూరి పైన సిమెంటు వేయించడం మంచిది. కొందరు మేస్త్రీలు సిమెంటులో గాజు పెంకులు కలుపుతారు, పిల్లలు ఆడుకునే చోట దానికి ఒప్పుకోకండి.

మీ తోటమాలి మాటను పూర్తిగా కొట్టిపారేయకండి. నాగుపాము, జెర్రిపోతు సొంతంగా కన్నం తవ్వుకోవు కానీ పందికొక్కు వదిలిన కన్నంలో కాపురం పెడతాయి. కాబట్టి ఏ కన్నంలోనూ చెయ్యి పెట్టకండి, నీళ్లు వదిలేటప్పుడు బూట్లు వేసుకుని దూరంగా నిలబడండి, పాము కనిపిస్తే పాములు పట్టి అడవిలో వదిలేవారిని పిలవండి. కుండీ మట్టిలో వానపాములా మెరిసే సన్నని నల్లటి గుడ్డిపాము కనిపిస్తే కంగారు అక్కరలేదు, దానికి విషం లేదు. పిల్లల విషయంలో నాకు పాముకన్నా ఎక్కువ భయం ఎలుకల మూత్రం. దానితో తడిసిన మట్టి, నీరు పుండ్లకు, పగుళ్లకు తగిలితే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు సోకవచ్చు. కన్నాలు పూర్తిగా మూసేదాకా, ముఖ్యంగా వాన పడిన మర్నాడు, వారిని ఉత్త కాళ్లతో ఆ గడ్డి మీదికి పంపకండి. తవ్వే పనివారికి రబ్బరు చేతి తొడుగులు ఇవ్వండి. పని చేసిన కొన్ని రోజులకు ఎవరికైనా జ్వరం, పిక్కల్లో నొప్పులు, కళ్లెర్రబడటం కనిపిస్తే డాక్టరుకు ఈ ఎలుకల మట్టి సంగతి తప్పకుండా చెప్పమనండి.